బల్లెం మిగిలింది, పేరు మిగలలేదు: తొలి తపాలా ఉద్యోగుల వారసులు పూర్వికులను ఎక్కడ వెతకాలి?

కోల్‌కతా: భారతదేశంలో ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చిన తపాలా వ్యవస్థ 1774లో ఈ నగరంలోనే ఆరంభమైంది. నగర నడిబొడ్డున, లాల్‌దిఘీ చెరువుకు ఎదురుగా నిలిచిన జనరల్ పోస్టాఫీసు భవనం ఆ చరిత్రకు ప్రధాన చిహ్నం. దాని పిన్‌కోడ్ 700001. ఆ ప్రాంగణంలోని తపాలా మ్యూజియం 1884 నాటిది. భవన శిల్పి వాల్టర్ గ్రాన్‌విల్ పేరు చరిత్రలో నిలిచింది. తొలి స్టాంపులు అచ్చు వేయించిన సైనికాధికారి పేరు కూడా నిలిచింది. అయితే ఆ స్టాంపు అంటించిన ఉత్తరాన్ని సంచిలో వేసుకుని, అడవి దారిన పరుగెత్తి, తరువాతి మజిలీలో మరొకరి చేతికి అందించిన వ్యక్తి పేరు మాత్రం చాలా సందర్భాలలో ఏ పుటలోనూ కనిపించదు.

తమ తాతలు, ముత్తాతలు తపాలా శాఖలో పనిచేశారని చెప్పుకొనే కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. ఆ కుటుంబాలు ఒక వారసత్వ సంఘంగా ఏర్పడాలన్నా, తమ పూర్వికుల సేవను రుజువులతో నమోదు చేయాలన్నా తొలి మెట్టుగా కావలసింది పేర్ల జాబితా. ఆ జాబితా కొందరికి సులభంగా దొరకడానికి, ఎక్కువ మందికి దొరకకపోవడానికి కారణాలేమిటి? ఉన్న ఆధారాలు ఎక్కడున్నాయి? ఇకపై పోకుండా కాపాడవలసినవి ఏవి?

వారసుల సంఘాలకు పునాది జాబితాలే

వంశచరిత్ర సంఘాలు ఎక్కడ బలంగా ఉన్నాయో పరిశీలిస్తే, వాటి వెనుక వ్యక్తుల పేర్లతో కూడిన రిజిస్టర్లు కనిపిస్తాయి. బ్రిటన్ తపాలా శాఖ 1737 నుంచి 1969 వరకు జరిగిన నియామకాలను పుస్తకాలలో నమోదు చేసింది. ఆ పుస్తకాలు ఇప్పుడు డిజిటల్ రూపంలో అందుబాటులో ఉన్నాయి. అందువల్ల అక్కడి పల్లెటూరి ఉత్తరాల బంట్రోతు మునిమనుమరాలు కూడా తన పూర్వికుడి పేరు, అతడు పనిలో చేరిన ఊరు, సంవత్సరం తెలుసుకోగలదు.

భారత తపాలా చరిత్రకు సంబంధించినంత వరకు ఇటువంటి పనికి అత్యంత సమీపంగా ఉన్న సంస్థ బ్రిటన్‌లో 1998లో ఏర్పడిన ‘ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ’. ఈస్టిండియా కంపెనీ పాలనలోను, తరువాతి బ్రిటిష్ పాలనలోను భారతదేశంలో నివసించిన కుటుంబాల వివరాలను ఈ సంస్థ సేకరిస్తుంది. సైనికులు, రైల్వే ఉద్యోగులతోపాటు తంతి, తపాలా శాఖల వారి పేర్లను కూడా వెతుక్కునే వీలు కల్పిస్తుంది. అయితే ఇందులో లభించే పేర్లలో అధికభాగం యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి.

ఇందుకు కారణం ఆధారాల స్వభావంలోనే ఉంది. కలకత్తా, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలలోని చర్చిలు నమోదు చేసిన జ్ఞానస్నానాలు, వివాహాలు, ఖననాల వివరాల ప్రతులు క్రమంగా లండన్ చేరాయి. నేడు అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో భాగం. కలకత్తాలో అచ్చయిన వార్షిక డైరెక్టరీలలో పోస్టుమాస్టర్ల పేర్లు, హోదాలు ఉండేవి. ఒక యూరోపియన్ పోస్టుమాస్టరు పుట్టుక, ఉద్యోగం, మరణం మూడు వేర్వేరు పుస్తకాలలో నమోదయ్యేవి. అతని సంచి మోసిన రన్నరుకు ఆ మూడింటిలో ఒక్కదానిలోనూ చోటు లేదు.

అంచెల మీద నడిచిన వ్యవస్థ

కంపెనీ తపాలాను రాబర్ట్ క్లైవు 1766లో ఒక క్రమంలోకి తెచ్చాడు. అప్పట్లో అది ప్రధానంగా ప్రభుత్వ ఉత్తర ప్రత్యుత్తరాలకే పరిమితం. తపాలా మార్గం సాగే పొడవునా పరుగెత్తే మనుషులను సమకూర్చే బాధ్యతను ఆయా ప్రాంతాల జమీందారులకు అప్పగించారు. అందుకు బదులుగా వారు చెల్లించవలసిన శిస్తులో కొంత మినహాయింపు ఇచ్చారు.

వారన్ హేస్టింగ్స్ గవర్నర్‌గా ఉన్న కాలంలో, 1774 మార్చి 31 నుంచి కలకత్తాలో సామాన్య ప్రజలకు కూడా తపాలా సౌకర్యం లభించింది. పోస్ట్‌మాస్టర్ జనరల్ పదవి ఏర్పడింది. ఒక ఉత్తరానికి నూరు మైళ్ల దూరానికి రెండణాలు రుసుము. దాని చెల్లింపు కోసం రెండణాల విలువగల రాగి బిళ్లలు కూడా చెలామణీలోకి వచ్చాయి. దూరం పెరిగేకొద్దీ రుసుము పెరిగేది.

కలకత్తా నుంచి పాట్నా, కాశీల వైపు ఒక ప్రధాన మార్గం వెళ్లేది. దక్షిణానికి సాగిన మార్గం గంజాం చేరేది. అక్కడి నుంచి ఉత్తర సర్కారు జిల్లాల తీరం వెంబడి విశాఖపట్నం, మచిలీపట్నం మీదుగా మద్రాసుతో సంబంధం ఏర్పడింది. ఆ విధంగా కలకత్తా తపాలా చరిత్రలో తెలుగు నేల మొదటినుంచీ భాగస్వామి. మద్రాసులో జనరల్ పోస్టాఫీసు 1786లో ఆరంభమైంది.

ఒక రన్నరు సుమారు ఎనిమిది మైళ్లు పరుగెత్తి సంచిని తరువాతివానికి అందించేవాడు. అడవి ప్రాంతాలలో రాత్రివేళ దివిటీ పట్టేవాడు ఒకడు, క్రూరమృగాలను బెదిరించడానికి డప్పు కొట్టేవాడు మరొకడు వెంట ఉండేవారు. రన్నరు చేతిలో బల్లెం, దానికి కట్టిన గజ్జెలు ఉండేవి. కలకత్తా, మద్రాసుల మధ్య తీరమార్గం వెయ్యి మైళ్లకు పైమాటే. ఎనిమిది మైళ్లకు ఒక అంచె చొప్పున లెక్కిస్తే, ఒక ఉత్తరం గమ్యం చేరేలోగా 120 మందికి పైగా రన్నర్ల చేతులు మారవలసి వచ్చేది. వీరిలో ఏ ఒక్కరు ఆగినా ఉత్తరం ఆగిపోయేది.

1850లో నియమితమైన విచారణ సంఘం సిఫార్సులను అనుసరించి 1854లో కొత్త తపాలా చట్టం వచ్చింది. దేశమంతటా ఒకే డైరెక్టర్ జనరల్ అధికారం కింద శాఖ ఏర్పడింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి దూరంతో నిమిత్తం లేకుండా పావు తులం బరువుగల ఉత్తరానికి అర్ధణా స్టాంపు చాలునన్న నియమం అమలైంది. ఆ స్టాంపులను కలకత్తాలోని సర్వే కార్యాలయంలో కెప్టెన్ థుయిల్లియర్ పర్యవేక్షణలో రాతి అచ్చు పద్ధతిన ముద్రించారు. నేటి జనరల్ పోస్టాఫీసు భవనం 1868లో, పాత ఫోర్ట్ విలియం కోట ఉన్న స్థలంలో వెలసింది.

రైళ్లు వచ్చినంత మాత్రాన రన్నరు అవసరం తీరలేదు. రైలు దిగిన సంచి పల్లెకు చేరాలంటే మళ్లీ మనిషే మోయాలి. 1880లో మనియార్డరు, 1882లో పోస్టాఫీసు పొదుపు బ్యాంకు మొదలైన తరువాత ఆ సంచిలో ఉత్తరాలతోపాటు పేదల కష్టార్జితం కూడా ప్రయాణించింది. సంచి విలువ పెరిగింది, దానితో దోపిడీ ముప్పు కూడా పెరిగింది.

మాటలలో నిలిచిన వృత్తి

రన్నర్ల పేర్లు కాగితాల మీద నిలవకపోయినా, వారి వృత్తి భారతీయ భాషలలో చెరగని ముద్ర వేసింది. ఉత్తరాది భాషలలో, బెంగాలీలో రన్నరును ‘డాక్ హర్కారా’ అన్నారు. హర్కారా పారశీక పదం. ‘హర్’ అంటే ప్రతి, ‘కార్’ అంటే పని. ఏ పని చెప్పినా చేసేవాడు అన్న అర్థం నుంచి వార్తాహరుడు అన్న అర్థం స్థిరపడింది. కలకత్తాలో 1795లో మొదలైన ఒక ఆంగ్ల పత్రిక ‘బెంగాల్ హర్కారు’ అన్న పేరునే పెట్టుకుంది. వార్త మోసే పత్రికకు, వార్త మోసే మనిషి పేరు సహజంగానే అమరింది.

తెలుగులో ‘అంచె’ అనే మాటకు మనిషి లేదా గుర్రం మారే మజిలీ అని అర్థం. కన్నడంలో తపాలా శాఖకు నేటికీ ‘అంచె’ అన్నదే పేరు. తిరువాన్కూరు సంస్థానం నడిపిన తపాలాను ‘అంచల్’ అన్నారు. అక్కడి రన్నరు ‘అంచలోట్టక్కారన్’. తెలుగులో ‘అంచెలంచెలుగా ఎదిగాడు’ అన్నప్పుడు, ఒకరి తరువాత ఒకరు సంచి అందుకుని సాగిన ఆ పరుగు మనకు తెలియకుండానే స్ఫురిస్తుంది. ఉత్తరాల కట్టను సూచించే ‘టపా’ అన్న మాట ‘టపా కట్టడం’ అన్న నుడికారంలో మరణానికి పర్యాయమైంది. అదే మాటను ఇరవై ఒకటో శతాబ్దిలో తెలుగు బ్లాగర్లు అంతర్జాల రచనకు పేరుగా తీసుకున్నారు.

బెంగాలీ సాహిత్యం, కళలు కూడా ఈ వృత్తిని గౌరవించాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘పోస్టుమాస్టర్’ కథ 1891లో వచ్చింది. ‘డాక్‌ఘర్’ నాటకం 1912 నాటిది. సుకాంత భట్టాచార్య ‘రానార్’ కవితను సలీల్ చౌదురి స్వరపరచగా హేమంత ముఖర్జీ పాడారు. తారాశంకర్ బందోపాధ్యాయ్ కథ ఆధారంగా 1958లో ‘డాక్ హర్కారా’ చలనచిత్రం వచ్చింది. ఈ రచనల ద్వారా రన్నరు బెంగాలీల మనసులలో సజీవంగా నిలిచాడు. అయినా అవన్నీ కల్పిత పాత్రలు. ఒక నిజమైన కుటుంబం తన ముత్తాతను గుర్తుపట్టడానికి అవి ఆధారం కాజాలవు.

1937లో ఆరో జార్జి బొమ్మతో వెలువడిన స్టాంపుల వరుసలో రెండణాల స్టాంపు మీద డాక్ రన్నరు చిత్రం ఉంది. తొలినాటి రుసుమూ రెండణాలే. అదే వరుసలో ఎడ్లబండి, టాంగా, ఒంటె, రైలు, ఓడ, లారీ, విమానం కూడా ఉన్నాయి. తపాలా మోసే వాహనాల శ్రేణిలో మనిషి మొదటివాడుగా ఆ స్టాంపుల మీద కనిపిస్తాడు.

పేర్లు మిగిలినవారు ఎవరు?

తపాలా శాఖలో పనిచేసిన భారతీయులందరి పేర్లూ మరుగున పడలేదు. ‘నీలదర్పణ్’ నాటక రచయిత దీనబంధు మిత్ర (1830–1873) తపాలా ఉద్యోగి. 1855లో పాట్నాలో పోస్టుమాస్టరుగా చేరి, తరువాత పర్యవేక్షక హోదాకు ఎదిగారు. ఉద్యోగరీత్యా బెంగాల్ పల్లెలలో తిరిగిన కాలంలో నీలిమందు రైతుల దుస్థితిని దగ్గరగా చూశారు. 1860లో ఆ నాటకం వెలువడింది. 1871 నాటి లూషాయి దండయాత్ర సమయంలో తపాలా ఏర్పాట్లు నిర్వహించినందుకు ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. ఆయన జీవితం గురించి బంకించంద్ర ఛటర్జీ స్వయంగా రాశారు.

తంతి శాఖలో శివచంద్ర నందీ పేరు అదేవిధంగా నిలిచింది. విలియం ఓషానెస్సీ 1839లో కలకత్తాలో తంతి ప్రయోగాలు చేశారు. 1850 దశకం ఆరంభంలో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య తంతి మార్గం నిర్మించినప్పుడు ఆయనకు ముఖ్య సహాయకుడు నందీయే. ఢిల్లీలో 1857 మే 11న విధులు నిర్వహించిన తంతి సిబ్బంది స్మృతికి 1902లో స్మారక స్తంభం నిలిపారు.

ఈ పేర్లు నిలవడానికి గల కారణాలలో సామ్యం ఉంది. వీరు రాతకోతలు తెలిసినవారు. పదవి, బిరుదు లేదా ఒక చారిత్రక సంఘటనతో ముడిపడినవారు. వీరి గురించి రాయడానికి మరొకరు ఉన్నారు. రన్నరుకు ఈ మూడింటిలో ఏదీ సాధారణంగా లభించలేదు. తపాలా శాఖ ఉన్నతాధికారి జెఫ్రీ క్లార్క్ 1921లో భారత తపాలా చరిత్రను ఆంగ్లంలో ప్రచురించారు. అడవి మృగాలను, దారిదోపిడీదారులను లెక్కచేయని రన్నర్ల ధైర్యాన్ని ఆ పుస్తకం ప్రస్తావించింది. అయితే ఆ ప్రస్తావన ఒక సమూహం గురించినదే.

పేర్లు ఎందుకు పోయాయి?

మొదటి కారణం నియామక విధానం. రన్నర్లను సమకూర్చే బాధ్యత జమీందారులది అయినప్పుడు, వారి పేర్లు ఉండే అవకాశం కంపెనీ పుస్తకాల కన్నా జమీందారీ కచేరీ లెక్కలలోనే ఎక్కువ. జమీందారీలు రద్దయిన తరువాత ఆ కాగితాలలో కొన్ని ప్రభుత్వానికి చేరాయి, కొన్ని కుటుంబాల వద్ద మిగిలాయి, అనేకం చెదలపాలయ్యాయి.

రెండవ కారణం లెక్కల పద్ధతి. పై అధికారికి వెళ్లే నివేదికలో ఒక మార్గంలో ఎన్ని అంచెలు, ఎంతమంది రన్నర్లు, నెలకు మొత్తం జీతం ఎంత అన్న వివరాలు చాలు. కింది స్థాయిలో జీతం పంచే చోట మాత్రమే పేర్లు అవసరం. పై స్థాయి నివేదికలు శాశ్వతంగా భద్రమయ్యాయి. కింది స్థాయి పట్టీలను, అవసరం తీరిన వెంటనే, పనికిరాని కాగితాలుగా భావించారు.

మూడవ కారణం పేర్లను రాసిన తీరు. పేరు నమోదైన చోట కూడా ఒక్క మాటే ఉండవచ్చు. ఇంటిపేరు ఉండదు. ఆంగ్ల గుమాస్తా తన చెవికి వినిపించినట్లు రాసిన పేరును, నేటి కుటుంబం పలికే పేరుతో సరిపోల్చడం కష్టం. తెలుగువారి విషయంలో ఇంటిపేరును మొదటి ఒకటి రెండు అక్షరాలకు కుదించే అలవాటు ఈ చిక్కును పెంచుతుంది. ఒకే ఊళ్లో ఒకే పేరుగలవారు నలుగురు ఉంటే, తండ్రి పేరు లేకుండా ఎవరు ఎవరో తేల్చలేము.

నాలుగవది జనగణన. బ్రిటన్‌లో 1841 నుంచి ఇంటింటి జనగణన పత్రాలు పేర్లతో సహా పరిశోధకులకు దొరుకుతాయి. భారతదేశంలో వలసపాలన నాటి జనగణన నుంచి మనకు లభించేవి జిల్లాలవారీ, వృత్తులవారీ సంఖ్యలు. తపాలా పనివారు ఎందరో తెలుస్తుంది, ఎవరో తెలియదు.

ఎక్కడ వెతకవచ్చు?

జాతీయ ఆర్కైవ్స్ కూడా కలకత్తాలోనే పుట్టింది. 1891 మార్చి 11న ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా ఇక్కడ ఏర్పడి, రాజధాని మార్పు తరువాత ఢిల్లీకి తరలింది. తపాలా నిర్వహణకు సంబంధించిన ప్రభుత్వ ప్రొసీడింగ్స్ అక్కడ ఉన్నాయి. ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్ ద్వారా వాటి విషయసూచికను ఇంటి నుంచే వెతకవచ్చు. పింఛను అర్జీలు, తపాలా దోపిడీ నివేదికలు, విధి నిర్వహణలో మరణించినవారి కుటుంబాలకు సహాయం గురించిన ఫైళ్లు కింది స్థాయి ఉద్యోగుల పేర్లు బయటపడే చోట్లు. కష్టం కలిగినప్పుడే సామాన్యుడి పేరు ప్రభుత్వ కాగితానికి ఎక్కింది కాబట్టి, వెతుకులాట అక్కడ ఆరంభించడం ఫలప్రదం.

బెంగాల్ ప్రభుత్వ పాత దస్తావేజులు కోల్‌కతాలోని పశ్చిమ బెంగాల్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఉత్తర సర్కారులు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కావడం వల్ల, ఆ ప్రాంతాల పాత జిల్లా రికార్డులను చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకవలసి ఉంటుంది.

తెలంగాణ వారి మార్గం వేరు. నిజాం రాష్ట్రం సొంత తపాలా శాఖను నడిపింది. 1869 నుంచి సొంత స్టాంపులు వెలువరించింది. ఆ శాఖ 1950 ఏప్రిల్‌లో భారత తపాలా శాఖలో విలీనమైంది. కనుక నిజాం కాలపు తపాలా ఉద్యోగి వివరాలు కోల్‌కతా, చెన్నై, ఢిల్లీలలో కన్నా హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో దొరికే అవకాశం ఎక్కువ. ఆ పత్రాలలో అధికభాగం పారశీక, ఉర్దూ భాషలలో ఉంటాయి కాబట్టి చదవగలవారి సహాయం అవసరం.

ప్రభుత్వేతర ఆధారాలను కూడా తీసివేయరాదు. గయ, కాశీ, హరిద్వార్ వంటి క్షేత్రాలలోని పండాలు తమ వద్దకు వచ్చిన యాత్రికుల ఊరు, తండ్రి, తాతల పేర్లను తరతరాలుగా పుస్తకాలలో రాసుకుంటున్నారు. ఉద్యోగం వివరాలు లేకపోయినా, వంశక్రమాన్ని, స్వగ్రామాన్ని నిర్ధారించుకోవడానికి ఆ పుస్తకాలు తోడ్పడతాయి. అక్కడ దొరికిన తండ్రి పేరు, ఊరి పేరు ఆధారంగా ప్రభుత్వ ఫైళ్లలోని ఒంటి పేరును పోల్చి చూడవచ్చు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర ప్రభుత్వ శాఖల దస్తావేజులకు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం వర్తిస్తుంది. తపాలా శాఖ కూడా దీని పరిధిలోనిదే. ప్రతి కార్యాలయం ఒక రికార్డు అధికారిని నియమించాలి. నిర్దేశించిన పద్ధతిని పాటించకుండా దస్తావేజులను ధ్వంసం చేయరాదు. 1892కు పూర్వం రూపొందిన ఏ దస్తావేజునైనా, అది ఎందుకూ పనికిరానంతగా పాడైపోయిందని ఆర్కైవ్స్ అధిపతి భావిస్తే తప్ప, నాశనం చేయడానికి వీలులేదు.

ఈ రక్షణలో ఒక లోటు ఉంది. 1892 తరువాతి కాగితాలలో శాశ్వత విలువ కలవి ఏవో తేల్చేది కార్యాలయమే. విధాన నిర్ణయాల ఫైలుకు శాశ్వత విలువ ఉందని ఎవరైనా అంగీకరిస్తారు. ఒక రన్నరు సర్వీసు పుస్తకం, ఒక సబ్ పోస్టాఫీసు జీతాల పట్టీ అటువంటి గుర్తింపు పొందడం అరుదు. నిలువ గడువు ముగియగానే అవి తొలగింపు జాబితాలో చేరతాయి. వారసుల దృష్టితో చూస్తే విలువైనవి సరిగ్గా ఆ కాగితాలే.

శాఖలో మార్పులు వేగం పుంజుకున్న ఈ కాలంలో ఆ ప్రమాదం మరింత పెరిగింది. తంతి సేవ 2013 జులైలో ముగిసింది. 1898 నాటి తపాలా చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి పోస్టాఫీసు చట్టం 2024 జూన్‌లో అమలులోకి వచ్చింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు సేవను స్పీడ్ పోస్టులో విలీనం చేశారు. ఒక సేవ ముగిసినప్పుడు, ఒక కార్యాలయం ఇల్లు మారినప్పుడు, పాత బీరువాలు ఖాళీ అవుతాయి.

నేటి వారసులు, రేపటి పూర్వికులు

ఈ చర్చ గతానికి మాత్రమే పరిమితం కాదు. దేశంలో సుమారు 1.64 లక్షల పోస్టాఫీసులు ఉన్నాయి. వాటిలో అత్యధికం పల్లెలలోనివే. వాటిని నడిపేది రెండున్నర లక్షలకు పైగా ఉన్న గ్రామీణ డాక్ సేవకులు. బడిపంతులు, దుకాణదారు వంటివారికి కొద్దిపాటి భత్యం ఇచ్చి పల్లె తపాలాను అప్పగించే పద్ధతి పందొమ్మిదో శతాబ్దిలో మొదలైంది. చాలాకాలం వీరిని ‘ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్’ ఏజెంట్లు అన్నారు. శాఖకు వెలుపలివారు అని ఆ పేరులోనే ఉంది. వీరు నిర్వహించేది ప్రభుత్వ కొలువేనని, క్రమశిక్షణ చర్యల విషయంలో రాజ్యాంగ రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1977లో పి.కె. రాజమ్మ కేసులో తీర్పు చెప్పింది. అయినప్పటికీ క్రమబద్ధ ఉద్యోగులకు లభించే పింఛను వీరికి లేదు.

పింఛను లేకపోవడం జీవనభృతికి సంబంధించిన సమస్య అయినా, దాని ప్రభావం రికార్డుల మీద కూడా పడుతుంది. పింఛనుదారు మరణించిన తరువాత కూడా అతని ఫైలు కుటుంబ పింఛను కోసం కొనసాగుతుంది. భార్య పేరు, పిల్లల పేర్లు అందులో నమోదవుతాయి. పింఛను లేనివారి విషయంలో ఉద్యోగ విరమణతోనే కాగితాల జాడ పలుచబడుతుంది. రెండు వందల ఏళ్లనాటి రన్నరు పేరు ఎలా మరుగున పడిందో తెలిసిన సమాజం, నేటి పల్లె తపాలా ఉద్యోగుల విషయంలో అదే జరగకుండా చూసుకోవచ్చు.

కుటుంబాలు చేయగలిగినవి

పూర్వికుడు తపాలా శాఖలో పనిచేశాడని తెలిసిన కుటుంబం ముందుగా ఇంట్లో ఉన్న ఆధారాలను పోగుచేయాలి. నియామక ఉత్తర్వు, బదిలీ కాగితం, పింఛను పుస్తకం, యూనిఫాం బిళ్ల, పాత ఫొటో, ప్రశంసాపత్రం వంటివి ఇందులో ముఖ్యమైనవి. ప్రతి కాగితాన్నీ రెండువైపులా ఫొటో తీసి, అసలును పొడిగా ఉండే చోట భద్రపరచాలి. ఫొటో వెనుక అందులోని వారి పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు, సుమారు సంవత్సరం పెన్సిలుతో రాయాలి.

ఆ తరువాత ఇంటి పెద్దలను అడిగి వివరాలు నమోదు చేయాలి. ‘మా తాత టపా మోసేవాడు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ వాగు దాటి, వారానికి ఎన్ని రోజులు, సంచి ఎవరికి అందించేవాడు అన్న ప్రశ్నలు వేయాలి. దారి పేరు తెలిస్తే ఏ సబ్ పోస్టాఫీసు పరిధిలోనిదో తేలుతుంది. సబ్ పోస్టాఫీసు తెలిస్తే ఏ డివిజన్ రికార్డులు వెతకాలో తెలుస్తుంది. అడిగినవి అడిగినట్లు, పెద్దల మాటలలోనే, శబ్దముద్రణ చేయడం ఉత్తమం. వృత్తికి సంబంధించిన పాత మాటలు అలా మాత్రమే నిలుస్తాయి.

ఒకే తపాలా మార్గంలో పనిచేసినవారి కుటుంబాలు కలిస్తే ఈ పని సులువవుతుంది. ఒక ఇంట్లో ఉన్న ఫొటోలో నిలబడిన పదిమందిలో మిగిలిన తొమ్మిది మంది పేర్లు చెప్పగలిగేవి ఆ తొమ్మిది కుటుంబాలే. వారసుల సంఘం అన్న ఆలోచనకు ఆచరణలో ఉన్న ప్రయోజనం ఇది. ముందు ఒక సబ్ పోస్టాఫీసు పరిధిలో, తరువాత ఒక డివిజన్ పరిధిలో పేర్ల పట్టిక తయారు చేసి, దాని ప్రతిని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, తపాలా మ్యూజియానికి అందజేయవచ్చు. కోల్‌కతా జనరల్ పోస్టాఫీసు ప్రాంగణంలో పాత తపాలా సామగ్రి పక్కన అటువంటి పట్టిక ఒకటి చేరితే, దానిని చూడడానికి వచ్చే మునిమనుమలు తమ వారి పేరును వేలితో చూపించగలుగుతారు.